దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి - చైనా సంప్రదాయ వైద్యం

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి చైనా సంప్రదాయ వైద్యంలో మూలికల కషాయాలు, మాత్రలు, ఎనిమా, ఆక్యుపంక్చర్ మొదలైన పలు చికిత్సలు ఉన్నాయి. 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడిన సర్వే ప్రకారం చైనాలోని వయోజనులలో 10.8 శాతం మందికి, అనగా సుమారు 12 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నది. అక్కడి పెద్ద సంప్రదాయ వైద్యశాలలలో మూత్రపిండ వ్యాధులకు ప్రత్యేక విభాగాలు కలవు. రక్తపరీక్షలు చేయించి, ఆధునిక ఔషధాలతో పాటు మూలికలను కూడా ఇవ్వడం ఆ వైద్యశాలలలో సాధారణ పద్ధతి.

ఈ మూలికలలో కొన్ని మూత్రం ద్వారా మాంసకృత్తులు పోవడాన్ని తగ్గిస్తాయని చిన్న పరిశోధనలలో కనిపించింది. అయితే డయాలిసిస్ అవసరాన్ని తప్పిస్తాయనడానికి బలమైన రుజువు లేదు. అంతకంటె ముఖ్యమైన విషయం, ఇదే వైద్యంలో వాడే మరికొన్ని మూలికలు ఆరోగ్యవంతుల మూత్రపిండాలను సైతం నాశనం చేసినట్లు 1990లలో బయటపడింది. అందువలన ఈ చికిత్సల మంచిచెడ్డలను విడదీసి తెలుసుకోవలసి ఉన్నది.

వ్యాధి స్వరూపం

మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ద్రవాన్ని వడపోయగలవో లెక్కగట్టి, ఈ వ్యాధిని ఐదు దశలుగా విభజించారు. ఈ లెక్క 90, ఆపైన ఉంటే వడపోత మామూలుగా ఉన్నట్లు. 60కి దిగువన మూడు నెలలకు మించి కొనసాగితే వ్యాధి ఉన్నట్లే. 15కు దిగువకు పడిపోతే అది ఐదవ దశ. అప్పుడు డయాలిసిస్ గాని, మూత్రపిండ మార్పిడి గాని అవసరం కావచ్చును. మధుమేహం, అధిక రక్తపోటు ఈ వ్యాధికి ముఖ్య కారణాలు. చాలాకాలం వరకు రోగికి ఏ బాధా తెలియదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఎంత ఉన్నదీ పరీక్షించి వ్యాధిని గుర్తిస్తారు. మచ్చకట్టి గట్టిపడిన మూత్రపిండ భాగం తిరిగి మామూలు కణజాలంగా మారదు. కనుక ఏ వైద్యంలోనైనా చికిత్స ఉద్దేశం మిగిలిన భాగాన్ని కాపాడుకోవడం, నష్టం జరిగే వేగాన్ని తగ్గించడం మాత్రమే. సంపూర్ణంగా నయం చేయగలమనే ప్రకటనలను ఈ దృష్టితో చూడవలెను.

"షెన్" - మూత్రపిండం ఒకటి కావు

చైనా భాషలో మూత్రపిండాన్ని "షెన్" అంటారు. అయితే సంప్రదాయ వైద్యులు చెప్పే షెన్, నడుముకు ఇరువైపులా చిక్కుడు గింజ ఆకారంలో ఉండే అవయవం ఒక్కటే కాదు. ఆయుర్వేదంలోని వాతాన్ని గాలి అని అనువదిస్తే ఎంత పొరపాటో, షెన్‌ను కేవలం మూత్రపిండంగా అనువదించడం కూడా అంతటి పొరపాటే. క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దాలలో రూపుదిద్దుకొన్న "హువాంగ్‌దీ నేయ్‌జింగ్" అనే గ్రంథం షెన్‌కు పంచతత్త్వాలలో నీటిని, ఋతువులలో చలికాలాన్ని, రంగులలో నలుపును, రుచులలో ఉప్పును, భావాలలో భయాన్ని జతచేసింది. ఎముకలు, మూలుగ, చెవులు, తలవెంట్రుకలు కూడా దాని అధీనంలోనివే. పుట్టుకతో వచ్చే "జింగ్" అనే సారాన్ని షెన్ నిలువచేస్తుందనీ, మనిషి పెరుగుదల, సంతానశక్తి, వార్ధక్యం ఆ సారం నిండటం, తరగటం వలన కలుగుతాయనీ ఆ గ్రంథం చెబుతుంది. స్త్రీలకు ఏడేసి సంవత్సరాల లెక్కన, పురుషులకు ఎనిమిదేసి సంవత్సరాల లెక్కన జీవిత దశలను అది వర్ణించింది. శరీరంలో నీటిని నడిపించడం షెన్ పని అని చెప్పిన ఒక్కచోట మాత్రం నేటి శరీరశాస్త్రానికి చాలా దగ్గరగా వస్తుంది.

ఈ భేదం వలన ఆచరణలో చిక్కులు కలుగుతాయి. చెవులలో హోరు, నడుమునొప్పి, మోకాళ్ల బలహీనత, జుట్టు రాలడం ఉన్న వ్యక్తికి "షెన్ బలహీనత" ఉన్నదని వైద్యుడు చెప్పవచ్చును. ఆ వ్యక్తి మూత్రపిండాలు పరీక్షలో పూర్తిగా ఆరోగ్యంగా ఉండవచ్చును. దీనికి విరుద్ధంగా, ఏ బాధా చెప్పని వ్యక్తికి మూత్రపిండాల శక్తి సగానికి పైగా తగ్గిపోయి ఉండవచ్చును. "మూత్రపిండాలకు బలం" అని పెట్టె మీద రాసి ఉన్న మందు ఈ రెండింటిలో దేనికోసం తయారైనదో కొనేవారు గమనించరు. చైనాలో షెన్‌కు బలమిచ్చే మందులుగా అమ్ముడుపోయేవాటిలో అనేకం నిజానికి లైంగిక పటుత్వం కోసం, వార్ధక్యపు నీరసం కోసం ఉద్దేశించినవి.

ప్రాచీన గ్రంథాలలో

క్రియాటినిన్ పరీక్ష లేని కాలంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అనే పేరు ఉండే అవకాశం లేదు. నేటి చైనా వైద్యులు ఈ వ్యాధి లక్షణాలను ప్రాచీన గ్రంథాలలోని మూడు నాలుగు రోగాలలో గుర్తిస్తారు. ఒళ్లంతా నీరు పట్టడాన్ని "షుయ్‌జోంగ్" అనీ, శరీరం క్షీణించడాన్ని "షూలావ్" అనీ అన్నారు. మూత్రం బందై వాంతులు మొదలయ్యే స్థితిని "గువాన్‌గ" అన్నారు. కింద దారి మూసుకొని, పైకి తన్నుకొని వస్తున్నదని దాని భావం. చివరి దశలో యూరియా పెరిగిపోయిన రోగి అవస్థకు ఇది చాలా దగ్గరైన వర్ణన.

క్రీ.శ. రెండవ, మూడవ శతాబ్దాల వాడైన ఝాంగ్ ఝోంగ్‌జింగ్ చెప్పిన "షెన్‌చీ వాన్" అనే మాత్ర ఈ వైద్యానికి మూలస్తంభం వంటిది. ఇందులో ఎనిమిది ద్రవ్యాలు ఉంటాయి. దీహువాంగ్ దుంప, ఒక రకం పెండలం, పైన్ చెట్ల వేళ్లపై పెరిగే ఫూలింగ్ అనే శిలీంధ్రం, దాల్చిన జాతి చెట్టు రెమ్మలు, శుద్ధిచేసిన నాభి మొదలైనవి వాటిలో కొన్ని. మూత్రం సరిగా రానివారికీ, మూత్రం అతిగా పోయేవారికీ కూడా ఇదే మందును ఆయన చెప్పాడు. రోగ లక్షణం ఏదైనా మూలం షెన్ బలహీనతే అయినప్పుడు మందు ఒకటే అని దీని వెనుక తర్కం. సోంగ్ వంశ కాలపు శిశువైద్యుడు చ్యెన్ యీ పిల్లలకు వేడి చేస్తాయని దాల్చిన, నాభి తీసివేసి మిగిలిన ఆరింటితో "ల్యూవేయ్ దీహువాంగ్ వాన్" తయారుచేశాడు. ఎదుగుదల మందగించిన పసిపిల్లల కోసం పుట్టిన ఈ మందు నేడు పెద్దలు వాడే అతి ప్రసిద్ధ చైనా మందులలో ఒకటిగా ఉన్నది.

చికిత్సా విధానాలు

సంప్రదాయ వైద్యుడు నాలుకను చూచి, నాడిని పట్టి, రోగి లోపమేమిటో, లోపల పేరుకొన్న మాలిన్యమేమిటో నిర్ణయిస్తాడు. లోపాన్ని పూరించడం, మాలిన్యాన్ని వెళ్ళగొట్టడం అనే రెండు పనులకూ కలిపి కషాయం కూరుస్తాడు. కనుక క్రియాటినిన్ ఒకేవిధంగా ఉన్న ఇద్దరు రోగులకు వేర్వేరు కషాయాలు ఇవ్వడం మామూలే. చైనా వైద్యంపై పరిశోధనలు క్లిష్టం కావడానికి ఇది ఒక కారణం.

లోపాన్ని పూరించే మూలికలలో "హువాంగ్‌చీ" ప్రధానమైనది. ఇది ఆస్ట్రగాలస్ అనే చిక్కుడు కుటుంబపు మొక్క వేరు. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నవారికి దీనిని విరివిగా ఇస్తారు. టిబెట్ పీఠభూమిలో గొంగళిపురుగును చంపి దాని తలనుండి మొలిచే కార్డిసెప్స్ అనే శిలీంధ్రం మరొకటి. చైనా భాషలో దాని పేరుకు "శీతకాలంలో పురుగు, వేసవిలో గడ్డి" అని అర్థం. సహజంగా దొరికేది అత్యంత ఖరీదైనది కావడంతో, ప్రయోగశాలలో పెంచిన శిలీంధ్రపు తంతువులతో క్యాప్సూళ్లు తయారుచేస్తున్నారు. హిమాలయాలలోని ఉత్తరాఖండ్‌లో దీనినే కీడాజడీ అని పిలుస్తారు.

మాలిన్యాన్ని వెళ్ళగొట్టే మూలికలలో రూబార్బ్ జాతికి చెందిన "దాహువాంగ్" వేరు ముఖ్యమైనది. ఇది బలమైన విరేచనకారి. దీనిని లోపలికి ఇవ్వడమే కాక, ఆల్చిప్పల పొడి మొదలైన వాటితో మరిగించి ఎనిమాగా ఎక్కించి, కొంతసేపు పెద్దప్రేగులో నిలిపి ఉంచుతారు. ప్రేగు గోడల ద్వారా యూరియా వంటి వ్యర్థాలు బయటకు వస్తాయని దీని ఉద్దేశం. దాహువాంగ్, హువాంగ్‌చీ మొదలైనవి కలిసిన "న్యావోదూచింగ్" రేణువులు చైనాలో అంగడి మందుగా దొరుకుతాయి. విరేచనాలు అధికమైతే శరీరంలో నీరు తగ్గి, ఆ కారణంగానే మూత్రపిండాలు మరింత దెబ్బతినే ప్రమాదం ఉన్నది.

"లేయ్‌గోంగ్‌తెంగ్" అనే తీగ సంగతి వేరు. పేరుకు ఉరుముల దేవుని తీగ అని అర్థం. పూర్వం దీనిని పంటలపై పురుగుల మందుగా వాడేవారు. 1970ల చివర నాంజింగ్ నగరంలో లీ లేయ్‌షి అనే వైద్యుడు దీని సారాన్ని మూత్రపిండాల వాపు వ్యాధులకు వాడడం ప్రారంభించాడు. శరీర రోగనిరోధక శక్తిని అణచివేసే గుణం దీనికి నిజంగానే ఉన్నది. మధుమేహం వలన మూత్రపిండాలు దెబ్బతిన్న 65 మందిపై ఆరు నెలలపాటు జరిపి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, వల్సార్టాన్ అనే ఆధునిక ఔషధం కంటె ఇది మూత్రంలో మాంసకృత్తులను ఎక్కువగా తగ్గించింది. అయితే కాలేయాన్ని, ఎముకల మూలుగను దెబ్బతీయడం, పురుషులలో వీర్యకణాలను, స్త్రీలలో ఋతుక్రమాన్ని నశింపజేయడం దీని దోషాలు. మూలిక గనుక సౌమ్యమైనదనే నమ్మకానికి లేయ్‌గోంగ్‌తెంగ్ స్పష్టమైన అపవాదం.

ఆక్యుపంక్చర్‌లో నడుముపై ఉండే షెన్‌షూ, మోకాలి కింద ఉండే జూసాన్‌లీ, అరికాలి మధ్య ఉండే యోంగ్‌చువాన్ అనే బిందువుల వద్ద సూదులు గుచ్చడం గాని, వ్రేలితో నొక్కడం గాని చేస్తారు. దీనివలన వడపోత శక్తి పెరుగుతుందనడానికి ఆధారం లేదు. డయాలిసిస్ రోగులను వేధించే దురద, అలసట, నిద్రలేమి కొంత తగ్గవచ్చునని మాత్రం కొన్ని ప్రయోగాలు సూచిస్తున్నాయి. 24 అధ్యయనాలను, 1,787 మంది రోగులను పరిశీలించి 2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ఆ రుజువు నాణ్యత చాలా తక్కువ అని తేల్చింది. డయాలిసిస్ కోసం ఫిస్టులా ఉన్న చేతికి సూదులు గుచ్చరాదు.

పరిశోధనల ఫలితాలు

హువాంగ్‌చీ గురించి 2014లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో 22 అధ్యయనాలు, 1,323 మంది రోగులు ఉన్నారు. మాంసకృత్తుల నష్టం తగ్గినట్లు, రక్తంలో హీమోగ్లోబిన్, ఆల్బుమిన్ పెరిగినట్లు అందులో కనిపించింది. అయితే ఆ అధ్యయనాలు చాలావరకు లోపభూయిష్టంగా జరిగినవి గనుక నిర్ణయానికి రాలేమని సమీక్షకులు రాశారు. అదే సంవత్సరం కార్డిసెప్స్‌పై వచ్చిన సమీక్ష కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పింది.

తరువాత కొంత మెరుగైన ప్రయోగాలు జరిగాయి. హాంగ్‌కాంగ్‌లో మధుమేహ రోగులైన 118 మందిపై 48 వారాలపాటు జరిగిన ప్రయోగంలో, మామూలు చికిత్సకు హువాంగ్‌చీ జతచేసినవారిలో వడపోత శక్తి తరుగుదల నెమ్మదించినట్లు తేలింది. అయితే ఉత్తుత్తి మందు ఇచ్చిన జట్టు అందులో లేదు. ఎవరు ఏ మందు తీసుకొంటున్నదీ రోగులకు తెలుసు. 2013లో ఫలితాలు వెలువడిన, చైనాలోని ఏడు ఆసుపత్రులలో మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే వ్యాధి ఉన్న 190 మందిపై జరిగిన ప్రయోగంలో "షెన్‌చీ" రేణువులు స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్‌ల జంటతో ఇంచుమించు సమానంగా పనిచేశాయి, తీవ్రమైన దుష్ఫలితాలు కూడా తక్కువగా కనిపించాయి. ఈ వ్యాధి దాదాపు మూడవ వంతు మందిలో దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. కనుక ఇక్కడ కూడా ఉత్తుత్తి మందు జట్టు లేకపోవడం పెద్ద లోటే.

పోలిక కోసం చూస్తే, డపాగ్లిఫ్లోజిన్ అనే ఔషధంపై 2020లో ముగిసిన ప్రయోగంలో 4,304 మంది మూత్రపిండ రోగులు పాల్గొన్నారు. అందులో కొలిచినది మూత్రంలోని మాంసకృత్తులను మాత్రమే కాదు. వడపోత శక్తి సగానికి పడిపోవడం, చివరి దశకు చేరడం, మరణించడం వంటి ఘటనలను లెక్కించారు. అవి 39 శాతం తగ్గాయి. ఏ చైనా మూలికకూ ఇంతటి పరీక్ష జరగలేదు.

బ్రస్సెల్స్ ఉదంతం

1992లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, వయస్సు 50 సంవత్సరాలు దాటని ఇద్దరు స్త్రీలు మూత్రపిండాలు శరవేగంగా చెడిపోయి వైద్యుల వద్దకు వచ్చారు. ఇద్దరూ ఒకే వైద్యశాలలో ఒళ్లు తగ్గడానికి మందులు వాడినవారే. వాన్‌హెర్వెగెమ్ అనే మూత్రపిండ వైద్యుడు, ఆయన సహచరులు నగరంలోని డయాలిసిస్ కేంద్రాలలో వెదకగా అటువంటివారు మరి ఏడుగురు కనిపించారు. ఆ వైద్యశాల 15 సంవత్సరాలుగా ఎటువంటి ప్రమాదం లేకుండా నడుస్తున్నది. 1990 మే నెలలో మాత్రం మందులలో రెండు చైనా మూలికల పొడులు కొత్తగా చేర్చారు. చివరకు బాధితుల సంఖ్య వంద దాటింది. వారిలో చాలామందికి డయాలిసిస్, మార్పిడి అవసరమయ్యాయి.

మందుల చీటీలో ఉన్న మూలిక స్టెఫానియా అనే తీగ వేరు. దానిని చైనాలో "హాన్ ఫాంగ్‌జీ" అంటారు. పొడిని పరీక్షించగా స్టెఫానియాలో ఉండవలసిన రసాయనం కనిపించలేదు. దానికి బదులు అరిస్టొలోకిక్ ఆమ్లం కనిపించింది. ఇది "గువాంగ్ ఫాంగ్‌జీ" అనే వేరొక తీగలో ఉండే విషం. రెండు వేళ్లకూ ఫాంగ్‌జీ అనే ఉమ్మడి పేరు ఉండటం, చైనాలో ఒకదానికి బదులు మరొకటి వాడే అలవాటు ఉండటం ఇంతటి అనర్థానికి కారణమైనాయి.

ఈ విషం వడపోత గుచ్ఛాలను కాక, వాటి దిగువనుండే సూక్ష్మనాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని ఎండగడుతుంది. అందుచేత మూత్రంలో మాంసకృత్తులు పెద్దగా కనిపించవు, రక్తపోటు కూడా అంతగా పెరగకపోవచ్చును. మందు మానిన తరువాత కూడా వ్యాధి ముందుకు సాగుతూనే ఉంటుంది. అంతటితో ఆగలేదు. చెడిపోయిన మూత్రపిండాలను, మూత్రనాళాలను ముందుజాగ్రత్తగా తొలగించిన 39 మందిలో 18 మందికి మూత్రమార్గపు క్యాన్సర్ ఉన్నట్లు 2000లో ప్రకటించారు. అరిస్టొలోకిక్ ఆమ్లం కణాలలోని డిఎన్ఏకు అతుక్కొని, తన గుర్తును శాశ్వతంగా వదులుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మొదట "చైనా మూలికల మూత్రపిండ వ్యాధి" అని పిలిచిన ఈ రోగాన్ని ఇప్పుడు అరిస్టొలోకిక్ ఆమ్ల వ్యాధి అంటున్నారు. తప్పు చైనా మూలికలన్నిటిదీ కాదు, చైనాకు వెలుపల పెరిగే మొక్కలలో కూడా ఈ విషం ఉన్నది, కనుక ఈ మార్పు సమంజసమే.

పేర్ల గందరగోళం ఫాంగ్‌జీతో ముగియలేదు. "ముతోంగ్" అనే పేరుతో కనీసం మూడు వేర్వేరు జాతుల తీగలను వాడేవారు. వాటిలో ఈశాన్య చైనాలో పెరిగే "గువాన్ ముతోంగ్" విషపూరితమైనది. పాత గ్రంథాలలో చెప్పిన ముతోంగ్ అది కాకపోయినా, ఇరవయ్యవ శతాబ్దంలో చౌకగా దొరికినందువలన ప్రసిద్ధ మందులలోకి ప్రవేశించింది. 2003లో చైనా ప్రభుత్వం గువాన్ ముతోంగ్ వాడకాన్ని, 2004లో గువాంగ్ ఫాంగ్‌జీ వాడకాన్ని రద్దుచేసింది. తైవాన్ 2003లో నిషేధించింది. ఆ నిషేధానికి ముందు, 1997-2003 మధ్య కాలపు ఆరోగ్య బీమా రికార్డులలో నుండి రెండు లక్షల మందిని నమూనాగా తీసుకొని చూడగా, దాదాపు మూడవ వంతు మందికి ఈ విషం ఉండగల మందులు ఏదో ఒక సమయంలో రాసి ఉన్నట్లు తేలింది.

ఐరోపాలోని డాన్యూబ్ ఉపనదుల వెంట గ్రామాలలో 1950ల నుండి వైద్యులకు అంతుపట్టకుండా ఉన్న బాల్కన్ మూత్రపిండ వ్యాధికి కూడా ఇదే కారణమని 2007లో వెలువడిన పరిశోధన చూపింది. గోధుమ చేలలో కలుపుగా పెరిగిన అరిస్టొలోకియా మొక్క గింజలు ధాన్యంలో కలిసి రొట్టెలలోకి చేరేవి.

తెలుగు నేలపై పెరిగే నల్ల ఈశ్వరి తీగ, గాడిదగడపాకు ఈ కుటుంబానికే చెందినవి. వాటిలో కూడా అరిస్టొలోకిక్ ఆమ్లం ఉన్నది. నాటువైద్యంలో వీటిని వాడుతూ వచ్చారు. ఈశ్వరి ఆకులు తిని పెరిగే కొన్ని సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఆ విషాన్ని తమ ఒంట్లో దాచుకొని పక్షుల బారినుండి తప్పించుకొంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ప్రబలిన మూత్రపిండ వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. దానిని బాల్కన్ వ్యాధితో ముడిపెట్టడానికి ఆధారం లేదు. అయినా మూత్రపిండ రోగులు ఈ రెండు మొక్కలనూ లోపలికి తీసుకోకూడదు.

ఇతర జాగ్రత్తలు

చైనా కషాయాలలో తరచుగా కలిపే అతిమధురం శరీరంలో ఉప్పును, నీటిని నిలిపివేసి రక్తపోటును పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. మరికొన్ని మూలికల కషాయాలలో పొటాషియం అధికంగా ఉంటుంది. వ్యాధి ముదిరినవారిలో అది పేరుకొని గుండె లయను దెబ్బతీయవచ్చును. నాభి శుద్ధి సరిగా జరగకపోతే ప్రాణాంతకం. మూలికల మందులని అమ్మేవాటిలో స్టెరాయిడ్లు, నొప్పిమాత్రల మందులు రహస్యంగా కలిపిన సందర్భాలు పలుదేశాలలో బయటపడ్డాయి. నొప్పిమాత్రలలో అనేకం మూత్రపిండాలకు హానికరమైనవే.

మూత్రపిండ మార్పిడి చేయించుకొన్నవారు వాడే టాక్రోలిమస్ మోతాదు చాలా ఖచ్చితంగా ఉండవలెను. "వూవేయ్‌జీ" అనే పండు సారం ఈ ఔషధాన్ని కాలేయం విచ్ఛిన్నం చేయకుండా అడ్డుకొని రక్తంలో దాని పరిమాణాన్ని పెంచుతుంది. చైనాలో కొందరు వైద్యులు ఈ గుణాన్ని తెలిసి వాడుకొని, రక్తపరీక్షలు చేయిస్తూ ఖరీదైన టాక్రోలిమస్ మోతాదును తగ్గిస్తారు. అదే పండు సారాన్ని రోగి తన వైద్యునికి చెప్పకుండా తీసుకొంటే, పెరిగిన టాక్రోలిమస్ కొత్తగా అమర్చిన మూత్రపిండాన్నే దెబ్బతీస్తుంది.